జెన్నీ సరస్సు ఒడ్డున గుడారం

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, గ్రాండ్ టీటన్ కొండలకు ఆనుకుని జెన్నీ సరస్సు ఉంది. దాని ఒడ్డున గుడారం వేసుకుని ఒకటి రెండు రాత్రులు పడుకోవాలంటే ఆరు నెలల ముందే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. జూలైలో వెళ్ళేవాళ్ళు జనవరిలోనే తేదీ చూసుకుని సిద్ధంగా ఉండాలి. చోటు దొరికితే ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరున్న చోట ఒక కారు, రెండు గుడారాలు, ఆరుగురు మనుషులు. ట్రైలర్లు తేకూడదు, జనరేటర్లు పెట్టకూడదు. ఏడు రాత్రులకు మించి ఉండకూడదు. మంట పార్కువాళ్ళు పాతిన ఇనుప చట్రంలోనే వేయాలి. తినేవి, వాసన వచ్చేవి ఏవైనా సరే, ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయాలి.

మేముండేది సాల్ట్ లేక్ సిటీలో. అక్కడికి అయిదు గంటల దారి. మా నాన్నగారు ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా సాగర్ కాలువల సర్వేలకు వెళ్ళి డేరాల్లో కాపురం చేసినాయన. ఈ షరతులన్నీ చదివి వినిపిస్తే, "నేలమీద పడుకోడానికి ఇంత తతంగం ఎందుకమ్మా? మేం చెట్టు నీడ కనపడిన చోట సామాను దించేవాళ్ళం" అన్నారు.

న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం వెతుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నాకు అర్థమైంది ఒకటే. ఈ షరతుల్లో ఏదీ ఊరికే రాలేదు. ఒక్కొక్కటీ ఎప్పుడో జరిగిన ఒక చెరుపును చూసి, మళ్ళీ జరగకూడదని రాసుకున్నది. అయితే అన్నిటికంటే ముందు జరిగిన చెరుపు మాత్రం ఏ షరతులోనూ కనపడదు. అందుకని దాని దగ్గరే మొదలుపెడతాను.

ఈ లోయలో వేసవి మకాం అనే ఆచారం జాతీయ పార్కుల కంటే, అమెరికా దేశం కంటే ఎంతో పాతది. ఇక్కడ చలికాలం మనిషి నిలవలేడు. మంచు కరిగాక షోషోనీలు, బ్యానక్‌లు, ఇంకా అనేక తెగలవాళ్ళు కొండ కనుమలు దాటి లోయలోకి దిగేవారు. కామస్ దుంపలు తవ్వుకుని, నేలలో గుంతలు తీసి, వేడి రాళ్ళ మీద వాటిని మగ్గబెట్టి తినేవారు. చేపలు పట్టేవారు, ఎల్క్ జింకలను వేటాడేవారు. చలి ముదరకముందే తిరిగి వెళ్ళిపోయేవారు. ఇక్కడికి ఉత్తరంగా ఉన్న జాక్సన్ సరస్సులో 1980లలో ఆనకట్ట మరమ్మతు కోసం నీళ్ళు దించినప్పుడు, ఒడ్డున వేల ఏళ్ళనాటి పొయ్యిలూ రాతి పనిముట్లూ బయటపడ్డాయి. ఈ ముక్క చెప్పగానే నాన్నగారు నాగార్జునకొండ గుర్తు చేసుకున్నారు. అక్కడ లోయ మునగకముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన బౌద్ధ శిల్పాలను కొండమీదికి చేర్చారు. ఇక్కడ ముందు ముంచేశారు, డెబ్బై ఏళ్ళ తర్వాత తవ్వారు.

1868లో జరిగిన ఫోర్ట్ బ్రిడ్జర్ ఒప్పందం ప్రకారం, ఎవరూ కాపురముండని ప్రభుత్వ భూముల్లో వేటాడే హక్కు షోషోనీలకు, బ్యానక్‌లకు ఉంది. కానీ 1890ల నాటికి జాక్సన్ లోయలో స్థిరపడిన తెల్లవాళ్ళకు తూర్పు రాష్ట్రాల ధనవంతులను వేటకు తిప్పడం మంచి రాబడి అయింది. 1895 వేసవిలో వాళ్ళు వేటకు వచ్చిన బ్యానక్‌ల మకాం మీద పడి, మనుషులను పట్టుకుని నడిపించుకుపోయారు. పారిపోబోతే కాల్చారు. ఒక ముసలాయన చనిపోయాడు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు, వయోమింగ్ రాష్ట్రం ఏర్పడటంతోనే ఆ ఒప్పందపు హక్కు పోయిందని తీర్పు చెప్పింది. ఆ వాదన చెల్లదని అదే కోర్టు స్పష్టంగా చెప్పడానికి 2019 దాకా పట్టింది. ఒకరికి బతుకుతెరువైన వేసవి మకాం ఆగిపోయిన కొద్దికాలానికే మరొకరికి సరదా అయిన వేసవి మకాం మొదలైంది. క్యాంపింగ్ చరిత్ర రాసేవాళ్ళు ఈ రెంటినీ విడివిడి అధ్యాయాల్లో పెడతారు. అవి ఒకే అధ్యాయం అని నా నమ్మకం.

సరస్సుకు పేరొచ్చిన జెన్నీ కూడా షోషోనీ స్త్రీయే. ఆమె భర్త రిచర్డ్ లీ ఇంగ్లండులో పుట్టి, బీవర్ల తోళ్ళ కోసం ఉచ్చులు పన్నుకుంటూ ఈ కొండలకు చేరినవాడు. అందరూ బీవర్ డిక్ అనేవారు. 1872లో హేడెన్ ప్రభుత్వ సర్వే బృందం ఈ వైపు వచ్చినప్పుడు దారి చూపింది ఈ కుటుంబమే. పక్కనున్న సరస్సుకు లీ అని, దీనికి జెన్నీ అని ఆ బృందమే పేర్లు పెట్టింది. అంటే ఆ ఏడాది జెన్నీ ఇక్కడ పిల్లలతో, గుర్రాలతో, వంటపాత్రలతో మకాం నడిపించిన ఇల్లాలు. నాలుగేళ్ళకు, 1876 చలికాలంలో, ఐడహో వైపు వాళ్ళుంటున్న చోట మశూచి సోకింది. జబ్బుతో ఉన్న ఒక బాటసారి స్త్రీని ఆదుకోబోయి తెచ్చుకున్న జబ్బు. జెన్నీ పోయింది. పిల్లలందరూ పోయారు. లీ ఒక్కడే మిగిలాడు. ఆ రోజులను అతను ఒక స్నేహితుడికి ఉత్తరంగా రాశాడు. దాన్ని నేను రెండోసారి చదవలేకపోయాను.

ఇక నీళ్ళ సంగతి. నాన్నగారికి ఎక్కువ ఆసక్తి కలిగింది ఇక్కడే. ఐడహో బంగాళాదుంప రైతులకు సాగునీరు కావాలని ప్రభుత్వం జాక్సన్ సరస్సుకు 1906లో దుంగలతో ఆనకట్ట మొదలుపెట్టింది. అది 1910లో తెగింది. కాంక్రీటుతో మళ్ళీ కట్టి, 1916కల్లా నీటిమట్టాన్ని సహజమైన మట్టం కంటే 39 అడుగులు పెంచారు. ఒడ్డున ఉన్న అడవిని కొట్టకుండానే నీళ్ళు నింపారు. వేల ఎకరాల చెట్లు నిలబడిన చోటే చచ్చాయి. ఆనాటి ఫొటో ఒకటి నాన్నగారికి చూపించాను. నీళ్ళలో తెల్లబడిన మొండి మానులు, వాటి వెనక ఆ కొండలు. చాలాసేపు చూసి, "జంగిల్ క్లియరెన్స్ చెయ్యకుండా రిజర్వాయర్ నింపితే ఇంతే మరి. ఎస్టిమేట్‌లో అది ముందు రాసుకోవాలి" అన్నారు.

ఆ తర్వాత జెన్నీ, లీ సరస్సులకు కూడా ఆనకట్టలు కట్టాలని ప్రతిపాదనలు వచ్చాయి. అప్పటిదాకా పార్కు మాట ఎత్తితే ఒప్పుకోని లోయవాసుల్లో కొందరు, ఆ మొండి మానులను చూశాక మనసు మార్చుకున్నారు. 1923 జూలైలో స్నేక్ నది ఒడ్డున మాడ్ నోబుల్ అనే ఆవిడ కర్రింట్లో కూర్చుని, ఈ లోయను ఎలా కాపాడుకోవాలో ఎల్లోస్టోన్ పార్కు అధికారి హోరేస్ ఆల్‌బ్రైట్‌తో మాట్లాడుకున్నారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, వెళ్ళినవాళ్ళు చూడవచ్చు. జెన్నీ సరస్సు ఈరోజుకీ దేవుడు నింపిన మట్టంలోనే ఉంది. జాక్సన్ సరస్సులో పై నీళ్ళు ఐడహో రైతులవి. ఎండలు ముదిరిన ఏడాది ఆగస్టు చివరికి నీళ్ళు బాగా వెనక్కి పోయి బురద బయటపడుతుంది. వేసవి చివర్లో వెళ్ళేవాళ్ళు ఏ సరస్సు ఒడ్డున చోటు తీసుకోవాలో ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఈలోగా కార్లు వచ్చాయి. ఎల్లోస్టోన్‌లోకి 1915 ఆగస్టు 1న మొదటిసారి కార్లను రానిచ్చారు. అంతకుముందు పార్కు చూడటమంటే రైల్లో వచ్చి, గుర్రపు బండి ఎక్కి, పెద్ద హోటళ్ళలోనో కంపెనీలు వేసిన గుడారాల్లోనో దిగడం. డబ్బున్నవాళ్ళ పని. ఫోర్డు కారు వచ్చాక రైతు, బడిపంతులు, దుకాణంలో గుమాస్తా కూడా పెళ్ళాం పిల్లలతో బయల్దేరారు. కారుకు ఒక పక్క గుడ్డ కట్టి, దాని కింద పడుకుని, డబ్బా పొయ్యి మీద వండుకుని తిన్నారు. సామాన్యుడికి ఆ కొండలు అప్పుడే అందాయి. అది చాలా గొప్ప విషయం. కానీ ఆ వెంటే జెన్నీ సరస్సు చుట్టుపక్కల పెట్రోలు బంకులు, డాన్సు హాలు, ప్రకటనల బోర్డులు లేచాయి. 1926లో ఆల్‌బ్రైట్ కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ కుటుంబాన్ని ఈ దారిన తీసుకొచ్చాడు. కొండలకు అడ్డంగా తీగలు, రేకుల షెడ్లు చూసి వాళ్ళు బాధపడ్డారు. ఆ మీదట రాక్‌ఫెల్లర్ తన పేరు బయటపడకుండా ఒక కంపెనీ పెట్టి, దాదాపు 35,000 ఎకరాలు కొన్నాడు. కొండలనూ, వాటి పాదాల దగ్గరి ఆరు సరస్సులనూ కలిపి 1929 ఫిబ్రవరి 26న జాతీయ పార్కు చేశారు. లోయ కలవడానికి మాత్రం 1950 దాకా కొట్లాట నడిచింది. ఆ కథ పెద్దది, ఇక్కడ చెప్పను.

నేను నిలబడి చెప్పదలచుకున్నది ఒక మొక్కల డాక్టరు గురించి. పేరు ఇ. పి. మైనెకె. చెట్ల జబ్బులు పరిశీలించే శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలో పనిచేసేవాడు. 1920లలో అక్కడి పార్కుల్లో మహావృక్షాలు నీరసిస్తున్నాయి, ఎందుకో చూడమన్నారు. పురుగు కాదు, బూజు కాదు. మనుషుల పాదాలు, కార్ల చక్రాలు. తొక్కగా తొక్కగా మట్టి గట్టిపడుతుంది. గట్టిపడిన మట్టిలోకి గాలి, నీరు దిగవు. పైపైన పరుచుకున్న సన్నవేళ్ళు చస్తాయి. చెట్టు ఏళ్ళ తరబడి మెల్లగా ఎండుతుంది. అందువల్ల ఈ సెలవుల్లో వచ్చినవాడికి తన తప్పేమీ కనపడదు. పొదలు పోయి, నేల బోసిపోయి, దుమ్ము లేస్తుంటే జనం పక్కనున్న పచ్చటి చోటికి జరుగుతారు. అక్కడా అదే జరుగుతుంది. ఇలా ఒక్కో మకాం చుట్టూ అడవి విస్తరాకంచులా ఎండుకుపోతూ వచ్చింది.

మైనెకె 1932లో రాసిన చిన్న పుస్తకంలో జనాన్ని రావద్దనలేదు. జనం ఎలాగూ వస్తారు, రావాలి కూడా. అయితే వాళ్ళ పాదం ఎక్కడ పడాలో ముందే నిర్ణయించండి అన్నాడు. కార్లు ఒకవైపే తిరిగే సన్నటి దారి వేయండి. దారి పక్కన ఒక్కో కుటుంబానికి ఒక్కో పాయ తీసి, కారు అక్కడే ఆగేలా చూడండి. మళ్ళీ పక్కకు తిరగకుండా బండరాళ్ళు పాతండి. బల్లను, పొయ్యిని కదలకుండా బిగించండి. బల్ల కదిలితే దాని వెంట కూర్చునేవాళ్ళు కదులుతారు, వాళ్ళ వెంట దుమ్ము కదులుతుంది. గుడారానికి చదునైన జాగా ఒకటే చూపించండి. ఒక కుటుంబానికీ మరో కుటుంబానికీ మధ్య పొదలను ముట్టుకోకండి. కొంత నేలను తొక్కుడుకు వదిలేసి మిగతాదంతా కాపాడుకోవడమన్న మాట.

అమెరికాలో ఏ పార్కు క్యాంప్‌గ్రౌండ్ పటం చూసినా కనపడే ఆ వంకుల దారి, పాయలు, నంబర్లు ఆయన ఆలోచనలే. జెన్నీ సరస్సు దగ్గర ఈ ఆలోచన మరీ అవసరం. హిమనదం కొండ నుంచి తోసుకొచ్చి కుప్పపోసిన మట్టిగట్టు మీద ఈ అడవి నిలబడింది. ఆ గట్టు దాటితే గులకరాళ్ళ మైదానం, నీరు నిలవదు, సేజ్ పొద తప్ప పెరగదు. చెట్లకు ఉన్న ఆధారమంతా ఈ కాస్త మట్టే. పైగా లాడ్జ్‌పోల్ పైన్ వేళ్ళు లోతుకు పోవు. బల్లను చెట్టు నీడకు జరుపుదామంటే ఎందుకు కదలదో ఇప్పుడు నాకు తెలుసు, మా పిల్లలకూ చెప్పాను.

పుస్తకం రాసినంతమాత్రాన పని కాదు, రెక్కలు కావాలి. మాంద్యం రోజుల్లో, 1933లో, ప్రభుత్వం ఉద్యోగాల్లేని కుర్రాళ్ళతో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టింది. నెలకు 30 డాలర్లు, అందులో 25 ఇంటికి పంపాలి. వాళ్ళ మకాం ఒకటి జెన్నీ సరస్సు దక్షిణాన ఉండేది. దారులు వేసింది, కాలిబాటలు తీర్చింది వాళ్ళే. జాక్సన్ సరస్సు చుట్టూ పదిహేడేళ్ళుగా నిలబడిన ఆ మొండి మానులను నరికి, లాగి, కాల్చి, ఒడ్డును మళ్ళీ ఒడ్డులా చేసింది కూడా వాళ్ళే. నాన్నగారి లెక్కలో అది జంగిల్ క్లియరెన్స్, కాస్త ఆలస్యంగా జరిగింది. యుద్ధం రావడంతో 1942లో ఆ మకాం ఎత్తేశారు. వాళ్ళ కట్టడాల్లో మిగిలినవాటిని కొండలెక్కించే గైడ్లు వాడుకుంటున్నారు.

ఖాళీ అయిన ఆ జాగాలోకి 1950లలో పర్వతారోహకులు చేరారు. చేతిలో డబ్బు లేని కుర్రాళ్ళు వేసవంతా అక్కడే గుడారాలు వేసుకుని ఉండేవాళ్ళు. తర్వాత పటగోనియా కంపెనీ పెట్టిన ఇవాన్ షునార్డ్, ఆ పాత మకాంలో చెత్త కాల్చే కొలిమి గదిలో కాపురం పెట్టాడు. రద్దీ పెరిగి, అలా నెలల తరబడి ఉండటం కుదరదన్నారు. 1970లో పర్వతారోహకుల సంఘం దక్షిణంగా ఒక పాత అతిథుల రాంచ్‌లో వాళ్ళకు విడిది ఏర్పాటు చేసింది. ఇక్కడ ఏడు రాత్రుల హద్దు చూసి విసుక్కునేవాళ్ళు, వంతు కోసం ఎదురుచూసేవాళ్ళ వైపు నుంచి ఒకసారి ఆలోచించాలి. యాభైకి అటూ ఇటూగా ఉన్న చోట్లు అందరికీ రావాలంటే ఎవరో ఒకరు లేవాలి. పెద్ద బళ్ళవాళ్ళ కోసం జాక్సన్ సరస్సు ఒడ్డున కోల్టర్ బే ఉంది. పార్కుల్లో వసతులు పెంచడానికి 1956లో మొదలైన మిషన్ 66 పథకం నాటిది, 300కు పైగా చోట్లు. లోయలో ఎత్తేసిన పాత ఇళ్ళను తెచ్చి అక్కడ అద్దె గదులుగా నిలబెట్టారు. ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళకు అదే నయం.

ఇక ఇనుప పెట్టె. దీన్ని తేలిగ్గా తీసుకునే మనవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది. ఒకప్పుడు ఎల్లోస్టోన్‌లో హోటళ్ళ చెత్త ఒకచోట పోసి, ఎలుగుబంట్లు తింటుంటే చూడటానికి జనానికి బెంచీలు వేసేవారు. ఆ ప్రదర్శనలు రెండో ప్రపంచ యుద్ధం దాకా సాగాయి. చెత్త అలవాటైన ఎలుగు, మనిషి వాసనను అన్నం వాసనగా లెక్కేస్తుంది. 1967 ఆగస్టు 12-13 రాత్రి, మోంటానాలోని గ్లేసియర్ పార్కులో, ఒకదానికొకటి సంబంధం లేని రెండు గ్రిజ్లీ ఎలుగులు ఒకే రాత్రి ఇద్దరు యువతులను చంపాయి. ఒకమ్మాయి గ్రానైట్ పార్క్ విడిది దగ్గర, ఇంకో అమ్మాయి ట్రౌట్ సరస్సు ఒడ్డున పడుకుంది. ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళు. విడిది దగ్గర అతిథుల వినోదం కోసం రోజూ ఎలుగులకు ఎంగిలి వేసేవారు. ట్రౌట్ సరస్సు దగ్గర ఆ వేసవంతా ఒక ఎలుగు మకాముల మీద పడుతూనే ఉంది. ఆ ఇద్దరి చావు తర్వాతే పార్కులు కళ్ళు తెరిచాయి. 1970కల్లా ఎల్లోస్టోన్ చెత్తకుప్పలు మూతపడ్డాయి. 1975లో గ్రిజ్లీలకు చట్టరక్షణ వచ్చింది. కాలక్రమాన అవి దక్షిణానికి, ఈ టీటన్ లోయకు తిరిగొచ్చాయి. 399 నంబరుతో లోకమంతా ఎరిగిన తల్లి ఎలుగు 2020లో నాలుగు పిల్లలతో ఈ రోడ్ల పక్కనే తిరిగింది. 2024 అక్టోబరులో కారు తగిలి చనిపోయింది, అప్పటికి దానికి 28 ఏళ్ళు.

కాబట్టి పులిహోర గిన్నె, ఆవకాయ సీసా, నెయ్యి డబ్బా, వాటితోపాటు టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, అమ్మమ్మల జండూబామ్ కూడా పెట్టెలోకే. తిన్న చేతులు తుడిచిన గుడ్డ కూడా. గిన్నెలు కడిగిన నీళ్ళు సరస్సులోనూ పొదల్లోనూ పోయకూడదు, చూపించిన చోటే పోయాలి. ఇంకో సంగతి: ఆ ఎత్తు సుమారు 6,800 అడుగులు. నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు ఎంతకీ ఉడకదు. చిన్న కుక్కరు తీసుకెళ్ళండి. జూలైలో కూడా రాత్రి 5 డిగ్రీల దాకా పడుతుంది. పిల్లలకు ఉన్ని టోపీలు, పెద్దవాళ్ళకు కింద పరుచుకునే మందపాటి పరుపు తప్పనిసరి.

చివరగా ఆరు నెలల ముందు బుకింగ్. 2020 దాకా జెన్నీ సరస్సు దగ్గర ముందొచ్చినవాళ్ళదే చోటు. తెల్లవారకముందే కార్లు బారులు తీరేవి. దగ్గరున్నవాళ్ళకు, సెలవు దొరికినవాళ్ళకు అది బాగానే ఉండేది. కరోనా తర్వాత జనం పోటెత్తారు. 2021లో గ్రాండ్ టీటన్‌కు 38 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. ఆ ఏడాది నుంచే పార్కులోని క్యాంప్‌గ్రౌండ్లన్నీ రిజర్వేషన్ కిందికి వచ్చాయి. దూరాన్నుంచి ముసలి తల్లిదండ్రులతో వచ్చే మాలాంటివాళ్ళకు ఇది మేలే. కానీ దీనితో ఒక కొత్త చెరుపు వచ్చింది. చేతికి వస్తుంది కదా అని రెండు మూడు వారాంతాలకు బుక్ చేసి పెట్టుకుని, చివరికి వెళ్ళకుండా, రద్దు కూడా చేయకుండా వదిలేయడం. కిటకిటలాడే జూలైలో కూడా ఖాళీగా పడివున్న నంబర్లు చూశాను. దీనికి బండరాళ్ళు పాతలేం, ఇనుప చట్రం బిగించలేం. మన వాట్సాప్ గుంపుల్లో ఈ వేసవికి చోట్లు పట్టుకున్న వాళ్ళందరికీ నా విన్నపం ఒకటే: వెళ్ళడం లేదని తెలిసిన రోజే రద్దు చేయండి. కాస్త డబ్బు కోతపడినా సరే, ఆ చోటు ఇంకో కుటుంబానికి వెళ్తుంది.